ఇటుక పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఇది చాటుపద్యం. కర్త పేరు దొరకలేదు. నల్లని తెర ముందు కూర్చుని ఆశువుగా చెప్పినట్టు నడకలోనే తెలుస్తోంది. కాలనిర్ణయానికి అంతర సాక్ష్యం చాలు. పాత బోర్డు మీద కొత్త ప్రాసెసరును కూర్చోబెట్టే ఆశను మధ్యతరగతికి బాగా కలిగించింది ఏఎండీ వారి ఏఎం4 సాకెట్టు. కాబట్టి కవి 2017కు పూర్వుడు కాడు. నాలుగో పాదంలో కరెంటు గురించిన బెంగ ఉంది కాబట్టి మనవాడే.

శాస్త్రగ్రంథానికి ముందు అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. ఇక్కడ విషయం బయాస్ మార్పు. ప్రయోజనం ఖర్చు తగ్గడం. ఏఎం4 వదిలి ఏఎం5కు పోతే బోర్డు కొనాలి. పాత డీడీఆర్4 ర్యాము అందులో పట్టదు కనుక డీడీఆర్5 ర్యామూ కొనాలి. ఉన్న బోర్డులోనే కొత్త ప్రాసెసరు పడితే ఆ రెండు ఖర్చులూ మిగులుతాయి. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో 2017 నాటి మొదటి తరం రైజెన్లు లేవు. ఇక సంబంధం అంటే బోర్డుకూ ప్రాసెసరుకూ మధ్య ఉండవలసినది, ప్రస్తుతం లేనిది. అధికారి ఎవరంటే పెన్‌డ్రైవు, యూపీఎస్, ఓపిక అనే మూడూ కలవాడు. వీటిలో ఒకటి తక్కువైనవాడు తాత్పర్యం దాకా చదివి ఆగవచ్చు.

మూలం

తే.గీ.
పాత బోర్డుపైఁ గొత్తదౌ ప్రాసెసరునుఁ
బెట్టి మీట నొక్కినఁ దెర వెలుఁగలేదు;
కావున బయాసు మార్చుము కదలకుండ;
నడుమనుఁ గరెంటు పోయిన నమ్ము మిటుక.

ప్రతిపదార్థం

పాత బోర్డుపైన్ = కొన్నేళ్ల కిందట కొన్న మదర్‌బోర్డు మీద; కొత్తది ఔ = ఆ బోర్డు పుట్టిన తరవాత పుట్టిన; ప్రాసెసరును = ప్రాసెసరును; పెట్టి = సాకెట్టులో కూర్చోబెట్టి (పేస్టు రాసి, ఫ్యాను బిగించి అని అధ్యాహారం); మీట నొక్కినన్ = పవర్ బటన్ నొక్కగా; తెర = మానిటరు; వెలుఁగలేదు = నల్లగానే ఉన్నది (ఫ్యాన్లు మాత్రం ఉత్సాహంగా తిరిగినవని ధ్వని); కావునన్ = అందుచేత; బయాసు = బోర్డు మీది చిన్న చిప్పులో కాపురముండి, మీట నొక్కగానే విండోస్ కంటె ముందు లేచే ప్రోగ్రామును; కదలకుండన్ = కుర్చీ విడువక; మార్చుము = పాతది చెరిపి కొత్తది రాయుము; నడుమను = ఆ రాత సగంలో ఉండగా; కరెంటు పోయినన్ = కరెంటు పోయినచో; ఇటుక = నీ బోర్డు ఇటుక (మీట నొక్కినా లేవనిది) అయినదని; నమ్ముము = నమ్ముము (స్పష్టం).

తాత్పర్యం

పాత మదర్‌బోర్డులో కొత్త ప్రాసెసరు పెట్టి చూశాను. బొమ్మ రాలేదు. కనుక నువ్వు బయాస్ మార్చు. మార్చేటప్పుడు కరెంటు పోతే బోర్డు ఇటుకే.

విశేషాలు

పాత బోర్డు: ఏ అర్థంలో పాత? సాకెట్టు మారలేదు. 2017లో వచ్చిన మొదటి రైజెన్‌కూ, 2020 నవంబరులో వచ్చిన రైజెన్ 5000 వరసకూ, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీకీ అడుగున అవే 1331 పిన్నులు. అంటే లోహం పాతబడలేదు, జ్ఞానం పాతబడింది. కవి ‘పాత’ అన్నది బయాసునే తప్ప బోర్డును కాదని వ్యాఖ్యాతల ఏకాభిప్రాయం. వాళ్లకు ఏకాభిప్రాయం కుదిరిన చోటు పద్యం మొత్తంలో ఇదొక్కటే.

ఆ జ్ఞానం ఎంత చోటులో ఉంటుందన్నది ఇక్కడ ముఖ్యం. చాలా ఏఎం4 బోర్డుల బయాస్ చిప్పు 16 మెగాబైట్లది. సెల్‌ఫోనులో తీసిన నాలుగు ఫొటోలు దాన్ని నింపేస్తాయి. అందులోనే ప్రతి తరం ప్రాసెసరును లేపే విధానమూ, సెట్టింగుల తెరలూ, వాటి రంగురంగుల బొమ్మలూ ఇరకాలి. 2020 మేలో ఏఎండీ రాబోయే రైజెన్లు 500 వరస బోర్డుల్లోనే నడుస్తాయని ప్రకటించి, ఈ చోటు ఇరుకునే కారణంగా చూపింది. కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. ఆ నెల తిరగకుండానే బీ450, ఎక్స్470 బోర్డులకు కూడా దారి వదులుతామంది. 300 వరస బోర్డులకు ఆ దారి అధికారికంగా తెరుచుకున్నది 2022లో. చోటు చేయడానికి కొందరు తయారీదార్లు సెట్టింగుల తెరలోని బొమ్మలు తీసేశారు. కొన్ని బోర్డుల్లో పాత ఏ-సిరీస్ చిప్పులకు మద్దతు తొలగించారు. కొత్త అల్లుడికి మంచం వెయ్యడానికి తాతగారి మంచం వీధరుగు మీదికి జరిపినట్టన్నమాట. ఇందులోంచి తేలే నీతి ఏమంటే, మన యంత్రం ఆయుర్దాయం సిలికాన్‌లో కంటె కంపెనీ మనసులో ఎక్కువగా ఉంది. ఆ మనసు మారాలంటే కొన్నవాళ్లు అడగాలి.

తెర వెలుఁగలేదు: ప్రాసెసరు పాడైందని కవి అనలేదు, అలా అనుకుని దాన్ని తిరిగి ఇవ్వడానికి పోయేవాళ్లు ఈ పాదాన్ని మళ్లీ చదవాలి. మీట నొక్కగానే ప్రాసెసరు తనను లేపే సూచనల కోసం బోర్డు మీది చిప్పును చూస్తుంది. ఏఎండీ ఆ సూచనల మూలాన్ని అజీసా అనే పేరుతో బోర్డు తయారీదార్లకు ఇస్తుంది. వాళ్లు దానికి తమ తెరలూ మెనూలూ చేర్చి బయాసుగా విడుదల చేస్తారు. కొత్త ప్రాసెసరు సంగతి ఆ మూలంలో లేకపోతే ర్యామును లేపడమూ జరగదు, తెరకు బొమ్మ పంపడమూ జరగదు. తప్పు ఇదీ అని చెప్పాలన్నా తెర కావాలి కదా! అందుకే చాలా బోర్డులు సీపీయూ అని రాసి ఉన్న చిన్న దీపం వెలిగించి ఊరుకుంటాయి.

శంక: కొత్త ప్రాసెసరు లేవాలంటే కొత్త బయాస్ కావాలి. కొత్త బయాస్ ఎక్కించాలంటే యంత్రం లేవాలి. యంత్రం లేవాలంటే ప్రాసెసరు లేవాలి. ఇది అన్యోన్యాశ్రయ దోషం కాదా? పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్నట్టు ఉంది.

సమాధానం: దోషమే. దీనికి మూడు పరిహారాలు చెప్పారు. మొదటిది పాత ప్రాసెసరును తాత్కాలికంగా మళ్లీ కూర్చోబెట్టడం. 2018లో ఏఎండీ కూడా ఈ పనే చేసింది. కొత్త రైజెన్ 2200జీ, 2400జీ ప్రాసెసర్లు కొని, పాత బయాసున్న బోర్డు ముందు కూర్చున్నవాళ్లకు ఒక పాత ప్రాసెసరును అరువిచ్చింది. బయాస్ మార్చుకుని దాన్ని తిరిగి పంపాలి. రెండోది ఫ్లాష్‌బ్యాక్ మీట. కొన్ని బోర్డుల వెనకవైపు ఈ మీట ఉంటుంది. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులో ఫైలుకు ఆ బోర్డు కోరిన పేరే పెట్టి, అందుకు కేటాయించిన యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చి, మీట నొక్కితే ప్రాసెసరు లేకుండానే రాత నడుస్తుంది. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా రాత మొదలు కాదు. మూడోది దుకాణం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట పాత ప్రాసెసరు ఉన్న పనివాడు దొరికితే పెట్టెతో సహా మోసుకుపోవడమే.

మార్చుము: ఇది విధి. కాని విధికి అంగాలు చెప్పకుండా ప్రధానం ఒక్కటే చెప్పడం కవి తొందరపాటు. వ్యాఖ్యాత పూరించాలి. బోర్డు పేరునూ, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రివిజన్ అంకెనూ చూసుకోవాలి. పేరు ఒకటే అయినా రివిజన్ మారితే ఫైలు మారవచ్చు. తయారీదారు సైటులో ఏ ప్రాసెసరు ఏ బయాస్ వెర్షన్ నుంచి పని చేస్తుందో పట్టిక ఉంటుంది. అదే ప్రమాణం, మిగతావన్నీ అనుమానం. మరీ పాత వెర్షన్ నుంచి వచ్చేవాళ్లకు కొన్ని బోర్డుల్లో నడుమ ఒక మెట్టు ఉంటుంది. ఆ మాట డౌన్‌లోడు పక్కన నాలుగు ముక్కల్లో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. కొన్ని బోర్డులకు ఇది వెనుదిరగలేని దారి. ఎక్కాక పాత వెర్షన్‌కు దిగనివ్వవు.

అన్నిటికంటె ముఖ్యమైనది, కవికి తట్టనిది, బిట్‌లాకర్. డిస్కుకు ఆ తాళం వేసి ఉంటే ముందు దాన్ని ఆపి ఉంచాలి, రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. కొత్త ప్రాసెసరు పెట్టాక కొన్ని యంత్రాలు ఆ తాళపుచెవిని దాచే ఎఫ్‌టీపీఎం మారిందంటూ వై నొక్కుతావా ఎన్ నొక్కుతావా అని అడుగుతాయి. కీ దగ్గర లేనివాడు అప్పుడు వై నొక్కితే, బోర్డు ఇటుక కాకపోయినా డిస్కు ఇనప్పెట్టె అవుతుంది.

కదలకుండ: దీని అన్వయంలో మూడు మతాలున్నాయి. పెన్‌డ్రైవు కదలకుండా అని వీడియో మతం. కుర్చీలోంచి మనిషి కదలకుండా అని బావమరిది మతం. ఇంట్లో ఎవరూ ఆ స్విచ్చుల వైపు కదలకుండా అని దుకాణ మతం. మూడూ గ్రాహ్యమే; మూడోది బలవత్తరం. తుడిచేవాళ్లు ప్లగ్గు పీకడం, పిల్లలు స్విచ్చు ఆర్పడం అనుభవసిద్ధాలు. రాత సాధారణంగా కొద్ది నిమిషాల పని. అయ్యాక తెర కాసేపు నల్లగా ఉంటుంది. యంత్రం తనంతట తాను ఆగి మళ్లీ లేస్తుంది. అది ర్యామును కొత్తగా పరీక్షించుకునే సమయం. ఆ నిశ్శబ్దంలో ఓపిక చచ్చి మీట నొక్కేవాళ్లను ఉద్దేశించే కవి ‘కదలకుండ’ అన్నాడని నా మతం.

నడుమనుఁ గరెంటు: రాత అంటే ముందు చెరపడం, తరవాత రాయడం. సగంలో ఆగితే చిప్పులో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. పెన్‌డ్రైవును ఎలా చదవాలో చెప్పే ముక్క కూడా ఆ చిప్పులోనే ఉంది కనుక మళ్లీ మొదలుపెట్టే దారి కూడా మూసుకుపోతుంది. అందుకే యూపీఎస్. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. యూపీఎస్ ఉండటం వేరు, దాని బ్యాటరీ బతికి ఉండటం వేరు. కొని మూడు నాలుగేళ్లయిన యూపీఎస్‌లు చాలా వరకు కరెంటు పోయినప్పుడు కుయ్యిమని, ఆ కూత పూర్తి కాకముందే పోతాయి. ముందుగా విండోస్ షట్‌డౌన్ చేసి, సెట్టింగుల తెర దగ్గర యంత్రాన్ని ఉంచి, గోడ ప్లగ్గు తీసి నిలుస్తుందో లేదో చూడాలి. వేసవి సాయంత్రం ఈదురుగాలి లేచే వేళ ఈ కార్యానికి నిషిద్ధకాలం.

ఇటుక: నింద కాదు, స్థితి. దీనికి ప్రాయశ్చిత్తాలు లేకపోలేదు. కొన్ని బోర్డుల మీద రెండో బయాస్ చిప్పు ఉంటుంది. ఫ్లాష్‌బ్యాక్ మీట ఉన్నవాళ్లకు అదే ప్రాణదాత. అవి లేనివాళ్లు సీహెచ్341ఏ అనే చిన్న పరికరం తెచ్చి, చిప్పును క్లిప్పుతో పట్టి, వేరే కంప్యూటరు నుంచి రాయవచ్చు. కాని చిప్పు 3.3 వోల్టులదా 1.8 వోల్టులదా అని చూడకుండా పట్టిస్తే ప్రాయశ్చిత్తానికి ప్రాయశ్చిత్తం లేదు. ఇటుక కావడానికి కరెంటే పోనక్కర లేదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ లేచి, సోకిన కంప్యూటర్లలో డిస్కును చెరిపింది. వీలైన చోట బయాసునూ చెరిపింది.

ఛందోలంకారాలు

ఛందస్సు తేటగీతి. ప్రతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతిస్థానం నాలుగో గణం మొదటి అక్షరం: పా–ప్రా, బె–వె, కా–క, న–న. ఇంగ్లీషు మాటలకు కూడా ద్రుతసంధి చేసిన కవి ధైర్యం మెచ్చదగినది. మొదటి రెండు పాదాల్లో తన బాధ చెప్పుకుని, మూడో పాదంలో మనకు ఆజ్ఞ వేశాడు. ఈ అలంకారం లాక్షణికులు చెప్పలేదు గాని ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది.

పాఠభేదం

మూడో పాదానికి దుకాణ మతస్థుల పాఠం ‘ముందె బయాసు మార్చుము కదలకుండ’ అని. ఈ పాఠంలో రెండో గణం కుదరదు, యతీ చెల్లదు. అయినా అర్థం దీనిలోనే ఉంది. ఎలాగంటారా? కవి ముందు ప్రాసెసరు పెట్టాడు, తెర ఆరాక బయాస్ గుర్తొచ్చింది. ఇది క్రమభంగ దోషం. పాత ప్రాసెసరు సాకెట్టులో ఉండగానే, యంత్రం మామూలుగా నడుస్తుండగానే బయాస్ మార్చి ఉంటే మొదటి రెండు పాదాలకు అవకాశమే లేదు. అన్యోన్యాశ్రయ దోషానికీ తావు లేదు.

తీర్పు

ఈ పద్యం ఛందస్సుకు కావున పాఠమూ, కంప్యూటరుకు ముందె పాఠమూ ప్రమాణం. పట్టిక చూడండి, బిట్‌లాకర్ ఆపండి, యూపీఎస్ బతికి ఉందో చూడండి, పాత ప్రాసెసరుతోనే బయాస్ మార్చండి, సెట్టింగుల తెర మీద కొత్త వెర్షన్ అంకె కళ్లారా చూసుకోండి. అటుతరవాతే ఫ్యాను విప్పండి. అదీ యంత్రం కాస్త వేడెక్కాక, కరెంటు తీసేసి, మెల్లగా అటూఇటూ తిప్పుతూ. గట్టిగా లాగితే పేస్టుకు అంటుకుని ప్రాసెసరు పిన్నులతో సహా ఊడి వస్తుంది. పాత ప్రాసెసరును కొత్తది వారం రోజులు సరిగా నడిచేదాకా అమ్మకండి. కొత్త ప్రాసెసరు పెట్టే పని లేనివాళ్లు, భద్రతా లోపం సరిచేసుకునే అవసరం కూడా లేకపోతే, పద్యం చదివి ఆనందించి బయాస్ జోలికి పోకుండా ఉండటం ఉత్తమం.