కల్లూరు దాటిన బస్సుకు హక్కుదారెవరు?

పేటెంటు న్యాయశాస్త్రములో ఒక విచిత్రపురుషుడు కలడు. లోకమున అచ్చయిన ప్రతి పత్రమును చదివియుండియు, ఏ సంతకును పోయి యెరుగని యీతనిని మన 1970 నాటి పేటెంట్ల చట్టము ఆ విద్యలో నిపుణుడైన వ్యక్తిగా పరిగణించును. క్రొత్తదని చెప్పబడు కల్పన యీతనికి తేటతెల్లముగా తోచునదైనచో దానికి పేటెంటు లేదు. కావున వాహనముల జాడ తీయు పద్ధతులపై హక్కు కోరు వకీలునకు మిగిలిన పని యొక్కటే: ఈ నిపుణుడెంతటి మందమతియో నిరూపించుట. ఉపగ్రహము బండి యున్న చోటు చెప్పగలదని అతడెరుగును. ఫోను వార్త మోయగలదని యెరుగును. దారి కాచువాడు ఆ వార్తకై తహతహలాడునని యెరుగును. ఈ మూటిని కలుపవచ్చునని మాత్రము, పాపము, అతనికి జన్మలో తట్టదు. 2007లో అమెరికా సుప్రీంకోర్టు, మోటారుబండి పెడలును గురించిన కేఎస్ఆర్ వ్యాజ్యమున, ఈతనికిని సామాన్యమైన ఊహాశక్తి యుండునని, ఈతడు మరబొమ్మ కాడని తీర్పు చెప్పవలసివచ్చినది. పనివాడు కార్ఖానాలో చేసికొను చిన్నపాటి మెరుగు కల్పన కాజాలదని మన సుప్రీంకోర్టు 1978లోనే, బిశ్వనాథ్ ప్రసాద్ వ్యాజ్యమున, చెప్పియుండెను.

మా పెనుబల్లి మండలమున వి.ఎం. బంజర కూడలిలో సత్తుపల్లి బస్సుకై నిలిచి నిలిచి విసిగినవాడు, "ఏం బామ్మర్దీ, బస్సు కల్లూరు దాటిందా?" అని ఫోనులో అడుగును, "ఇప్పుడే పోయింది బావా" అని జవాబు వచ్చును, అతడు మనసులోనే లెక్కగట్టుకొని, మరియొక టీ చెప్పును. ఇంతటి సామాన్య విషయమును వకీలుగారి చేతికిచ్చి చూడుడు: "ఒకానొక సంచారవాహనము యొక్క ప్రస్తుతస్థానమును గ్రహించు ప్రథమ సాధనమును, ఆ స్థానసూచకమును దూరస్థమగు ద్వితీయ సాధనమునకు ప్రసారము చేయు మార్గమును, తద్ద్వారా ఆగమనకాలమును నిర్ణయించి ప్రతీక్షకునకు ముందుగా విన్నవించు విధానమును" అని అది మహాప్రబంధమగును. బామ్మర్ది ప్రథమ సాధనము. టీ తాగుట యెందుచేతనో విడిచిపెట్టబడినది.

అన్నట్లు, మన చట్టమునందు వకీలుగారికి మింగుడుపడని మాట యొకటి కలదు. పేటెంటును ప్రతిఘటించుటకు 25వ సెక్షను చెప్పు కారణములలో, స్థానిక సమాజములందు నోటిమాటగా నైనను మునుపే యున్న జ్ఞానమొకటి. ఇది పసుపు, వేపలవంటి వానికే తప్ప బస్సులకు వర్తింపదని వాదించుటకు పెద్ద వకీళ్లు రాకపోరు. వచ్చి, బామ్మర్దిని బోనెక్కించి, బస్సును కన్నులార చూచితివా, లేక మంచము మీదనుండియే దాటినదంటివా యని నిలదీయకపోరు. ఆ రెండవ ప్రశ్న, ఒప్పుకొనవలెను, న్యాయమైనదే.

ఇదంతయు పరిహాసమని తోచువారు ఆరైవల్‌స్టార్ చరిత్రను చూడవలెను. బస్సు రాకను ముందుగా తెలుపు పద్ధతులపై పేటెంట్లను కూడబెట్టిన యీ సంస్థ అమెరికాలోని నగర రవాణాసంస్థలను, సరకులు పంపు వర్తకులను వరుసగా వ్యాజ్యములకీడ్చినది. వాదించి గెలుచుటకగు ఖర్చు కంటె లొంగిపోయి చెల్లించు సొమ్ము తక్కువ గనుక, పలువురు చెల్లించిరి. వ్యాపారమంతయు ఆ తేడాలోనే యున్నది. కల్పన తేటతెల్లమా కాదా యను ప్రశ్న న్యాయమూర్తి యెదుటికి చేరకుండుటయే దాని మూలధనము. 2013లో అమెరికన్ పబ్లిక్ ట్రాన్స్‌పోర్టేషన్ అసోసియేషన్ తానే ఎదురు దావా వేయగా, ఆ సంవత్సరమే రాజీపడినది. తరువాత షిప్పింగ్ అండ్ ట్రాన్సిట్ అను పేరుతో అదే వాణిజ్యము సాగినది. 2017లో కాలిఫోర్నియాలోని యొక న్యాయస్థానము ప్రతివాది వకీలు ఖర్చులను గూడ దానిపై మోపినది. 2018లో దివాలా పిటీషను దాఖలు చేయుచు, ఇన్నేండ్లు ఎందరినో గడగడలాడించిన తన అమెరికా పేటెంట్ల విలువను ఆ సంస్థయే స్వయముగా 1 డాలరని వ్రాసికొన్నది.