పరీక్షాధికారి గారికి ఒక శ్రీనివాస్ రాయునది

మహారాజశ్రీ ఇంగ్లిష్ పరీక్షాధికారి గారి దివ్యసముఖానికి,

శ్రీనివాస్ అను ఒక తండ్రి నమస్కరించి రాయునది. తమరి ఏలుబడిలో ఏడో తరగతి పిల్లలంతా క్షేమం. మా అమ్మాయికి మాత్రం అర మార్కు తగ్గింది.

‘ద బైక్ ఆఫ్ శ్రీనివాస్’ని అపాస్ట్రఫీతో తిరగరాయమన్నారు. పిల్ల నా పేరు చివర అపాస్ట్రఫీ పెట్టి, దాని పక్కన ఇంకో ఎస్ రాసింది. ఆ రెండో ఎస్‌ను తమరు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. ఎస్‌తో ముగిసే మాటకు మళ్లీ ఎస్ రాదని పక్కనే ఒక హితవు కూడా.

రాదని ఎవరు చెప్పారండీ మీకు? ఆ సూత్రం బాయ్స్, గర్ల్స్, టీచర్స్ లాంటి బహువచనాలది. నేను బహువచనాన్ని కాను, ఒక్కణ్నే. ఒక్క మనిషి పేరు ఎస్‌తో ముగిస్తే షికాగో మాన్యువల్ అనే రచనాశైలి పుస్తకం ఇంకో ఎస్ వెయ్యమంటుంది. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ అపాస్ట్రఫీ ఒక్కటి చాలంటుంది. 2024 అమెరికా ఎన్నికల్లో కమలా హారిస్ పేరు దగ్గర ఈ తగవే వచ్చి పత్రికలవాళ్లు రెండు జట్లయ్యారు. ఎవరూ ఎవరికీ మార్కులు కొయ్యలేదు. లండన్‌లోని సెయింట్ జేమ్స్ పార్కుకు రెండో ఎస్ ఉంది. న్యూకాజిల్‌లో అదే పేరున్న ఫుట్‌బాల్ మైదానానికి లేదు. దిద్దడం తమరి చేతిలో ఉంటే పాపం లండన్ పార్కు ఫెయిలే.

నోటితో మాత్రం ఏమంటాం? క్లాసులో టీచరమ్మ కూడా ‘శ్రీనివాసెస్ బైక్’ అనే అంటారు. పిల్ల విన్నది రాసింది. ఈ పేచీ వద్దనుకుంటే ప్రశ్నలో రవి బైకో గోపి బైకో అడగాల్సింది. బజార్లో శ్రీనివాస్ అని కేకేస్తే నలుగురు తిరిగి చూసే ఊళ్లు మనవి. మా అందరికీ కలిపి ఒక నియమం పెట్టేముందు ఒక్క పుస్తకమైనా తిరగేసి ఉండాల్సింది.

ఇంగ్లిష్ సొంతవాళ్లే ఈ గుర్తును ఇష్టం వచ్చినట్టు వాడుకుంటున్నారు. లండన్ పికాడిల్లీ లైన్‌లో ఎర్ల్స్ కోర్టుకు అపాస్ట్రఫీ ఉంటుంది, ఆ తర్వాత వచ్చే బేరన్స్ కోర్టుకు ఉండదు. బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2009లో వీధి బోర్డుల మీద అసలు వద్దే వద్దంది. అమెరికాలో కొండలు, దీవుల పేర్లు ఖరారు చేసే బోర్డు 1890లో ఏర్పడింది. సొంతం చెప్పే అపాస్ట్రఫీని అది ఒప్పుకున్నది ఐదంటే ఐదు పేర్లకు, మార్తాస్ విన్‌యార్డ్ అందులో ఒకటి.

తమరు ఇక్కడ కూర్చుని ఆ గుర్తుకు కాపలా కాస్తున్నారు. కాయండి. మరి తమరి ఆఫీసు పంపిన ఫీజు సర్క్యులర్‌లో ‘పేరెంట్స్’ అన్న మాటకు ఎస్ ముందు అపాస్ట్రఫీ ఎందుకు వేలాడుతోంది? ఏ ఒక్క పేరెంట్‌ది? ఆయనది ఏమిటి? కట్టాల్సింది మాత్రం అందరమూనా? దానికి ఎర్ర ఇంకు ఎవరు పూస్తారు? మళ్లీ దిద్దించుకోవాలంటే వేరే ఫీజట, అదొకటి. పేపరు మీద సంతకం పెట్టి సోమవారానికల్లా పంపాలట, అదింకొకటి.

ఇంగ్లిష్ బహువచనాలే చూడండి. బాక్స్‌కు బాక్సెస్, ఆక్స్‌కు ఆక్సెన్. మౌస్‌కు మైస్, హౌస్‌కు హౌసెస్. షీప్‌కు షీపే. అత్తగార్లు ఎక్కువైతే ఎస్ వెళ్లి మదర్ పక్కన నిలబడుతుంది. ఇన్ని అడ్డగోలుతనాలను నోరెత్తకుండా బట్టీపట్టిన పిల్లండీ అది.

ఇక వెటకారానికి ఓపిక లేదు. ఆ అర మార్కు తమరే ఉంచుకోండి. పిల్ల ఇప్పుడు దాస్, థామస్, జేమ్స్ అన్న పేరు తగిలితే చాలు, పెన్ను ఆపేస్తోంది. వాక్యం మొత్తం తిప్పి ‘ఆఫ్’ పెట్టి తప్పించుకుంటోంది. వచ్చిన విషయాన్ని రాయడానికి భయపడుతోంది. ఏ పద్ధతి పాటిస్తారో ప్రశ్నపత్రం మీద ఒక్క ముక్క అచ్చు వేయించండి. అంత శ్రమ ఎందుకనుకుంటే, రెండు రకాలూ ఒప్పేనని పేపర్లు దిద్దేవాళ్లకు ఒక మాట చెప్పండి. మీకు దణ్ణం పెడతాను, చెప్పండి.

ఇట్లు,
శ్రీనివాస్