కెమెరా చూడకు నాన్నా!

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మీరు ఏ తెలుగువారింటికి బారసాలకో అన్నప్రాశనకో వెళ్ళండి. గుమ్మంలో చెప్పుల గుట్ట దాటి హాల్లో అడుగుపెట్టగానే కాలికి ఒక మనిషి తగులుతాడు. కార్పెట్ మీద బోర్లా పడుకుని ఉంటాడు. కళ్ళు తిరిగి పడిపోయాడేమోనని కొత్తవాళ్ళు మంచినీళ్ళ కోసం పరిగెడతారు. పాతవాళ్ళు మాత్రం చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పిల్లకాలవ దాటినట్టు దాటి, పులిహోర వైపు వెళ్ళిపోతారు. ఆయన క్యాండిడ్ బాబాయి.

ఈ బాబాయి ఒక్క ఫ్రిస్కో సొత్తే అనుకోకండి. ఎడిసన్‌లో ఒకాయన, ఫ్రీమాంట్‌లో ఒకాయన ఉంటారు. తెలుగువాళ్ళు పాతికిళ్ళు చేరిన చోట పచ్చళ్ళ కొట్టు వెలిసినట్టే ఒక క్యాండిడ్ బాబాయీ వెలుస్తాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా డేటాబేసులకి కాపలా కాస్తాడు. శని, ఆదివారాలు పిల్లలకి కాపు కాస్తాడు.

మన చిన్నప్పుడు ఫోటో అంటే అదొక శుభకార్యం. తలకి నూనె, కళ్ళకి కాటుక, బుగ్గన దిష్టి చుక్క. స్టూడియోలో స్టూలెక్కిస్తే వెనక తెర మీద మనం జన్మలో చూడని సరస్సు, పక్కన తీగలేని టెలిఫోను. “బాబూ, కదలకు. ఇటు చూడు, ఇటు... ఇదుగో కాకి!” ఆ కాకి కోసం మా తరమంతా నోరు తెరుచుకుని చూసింది. కాకి రాలేదు, ఫోటో వచ్చింది.

బాబాయి శాస్త్రం దానికి తలకిందులు. ఆయన మొదటి మంత్రం “కెమెరా చూడకు నాన్నా!” రెండోది “నేనిక్కడ లేననుకో!” జానెడు దూరంలో ఆరడుగుల మనిషి ఫిరంగి లాంటి లెన్సు పట్టుకుని పాకుతుంటే లేడనుకోవడం పెద్ద పెద్ద వేదాంతులకే కష్టం. రెండేళ్ళ పిల్ల ఎంతకని అనుకుంటుంది?

ఈ దేశంలోనే 1900లో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాని ఒక్క డాలరుకి అమ్మింది. పిల్లలు కూడా ఫోటోలు తీసుకోవచ్చని చాటింది. బాబాయి సంచిలో ఉన్న సరంజామా ఖరీదుకి అలాంటి పెట్టెలు లారీకెత్తొచ్చని పిన్ని లెక్క. నెలనెలా క్రెడిట్ కార్డు బిల్లు వచ్చినప్పుడు ఆ లెక్క మళ్ళీ ఒకసారి పైకి చదువుతుంది.

ఆయన ప్రధానాయుధం 85 మిల్లీమీటర్ల లెన్సు. దాని ఎపర్చరు 1.8 దగ్గర పెట్టి కొడితే పిల్ల కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చెవి దగ్గరకొచ్చేసరికి మసక మొదలవుతుంది. ఇక వెనకాలంతా సంక్రాంతి నాటి పొగమంచే. ఓ మొదటి పుట్టినరోజుకి ఆ ఇంటివాళ్ళు నాలుగు వందల డాలర్లు పోసి బెలూన్ల తోరణం కట్టించారు. ఫోటోల్లో తోరణం లేదు. ఉందనుకోవాల్సిన చోట గులాబీరంగు మబ్బొకటి ఉంది.

“బ్యాక్‌గ్రౌండ్ ఎంత క్రీమీగా వచ్చిందో చూశారా!” అన్నాడు బాబాయి.

“క్రీము కేకు మీద ఉంటే చాలండీ” అంది ఆ ఇల్లాలు.

బాబాయి ఏ పని చేసినా దానికి వెనక ఒక మహానుభావుడు ఉంటాడు. ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్ అనే లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫరు 1963లో పారిస్‌లో తోలుబొమ్మలాటకి వెళ్ళి, బొమ్మల్ని వదిలేసి, ఆట చూస్తున్న పిల్లల ముఖాలు తీశాడు. కొందరు కేకలు పెడుతున్నారు. అది లోకప్రసిద్ధమైన ఫోటో. దాని ప్రభావంతో మన బాబాయి తెలుగు బడి వార్షికోత్సవానికి వెళ్ళి, వేదికకి వీపు పెట్టి, ప్రేక్షకుల్లోని పిల్లల్ని తీశాడు. వేదిక మీద పద్యాలు అప్పజెప్పిన పాతికమంది పిల్లల తల్లులకీ ఆ సాయంత్రం దక్కింది ఎవరి పిల్లలో ఆవలిస్తున్న బొమ్మలు.

హెలెన్ లెవిట్ అని న్యూయార్క్ వీధుల్లో ఆడుకునే పిల్లల్ని తీసిన మహాతల్లి ఇంకొకరు. ఆమె కెమెరాకి పక్కచూపు చూసే వ్యూఫైండరు తగిలించుకునేది. తాను చూసేది ఒకవైపు, ఫోటో పడేది ఇంకోవైపు. బాబాయీ అదే విద్య సాధన చేస్తున్నాడు. కేకు తీస్తున్నట్టు నటిస్తూ పిల్లని తీస్తాడు. దాంతో కేకు కోస్తూ ఫోటో తీయించుకోవాలని ముచ్చటపడి గంటసేపు కత్తి పట్టుకుని నిలబడ్డ తండ్రి ఏ ఫోటోలోనూ పడడు.

వీళ్ళందరికీ పైన బాబాయి ఇష్టదైవం కార్తియే బ్రెసాఁ అనే ఫోటోగ్రాఫరు. ఆయన పుస్తకం 1952లో అమెరికాలో ‘ది డెసిసివ్ మొమెంట్’ పేరుతో వచ్చింది. అంతా ఒక్క క్షణంలో కుదురుతుంది, ఆ క్షణాన్ని పట్టుకోవాలి, అదీ బాబాయి దానికి చెప్పే భాష్యం. ఓ అన్నప్రాశనలో ఆ క్షణం రానే వచ్చింది. పిల్లముందు పుస్తకం, కలం, బంగారం, డబ్బు, కత్తి పెట్టారు. ఏది పట్టుకుంటుందోనని ముప్పైమంది ఊపిరి బిగబట్టారు. పిల్ల పుస్తకం దాటింది, కలం దాటింది, బంగారం వంక చూడనైనా లేదు. తిన్నగా పాకివెళ్ళి నేలమీద పడుకున్న బాబాయి లెన్సు మూత పట్టుకుంది. “ఫోటోగ్రాఫరవుతుంది!” అని అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల తండ్రి ముఖం పాలిపోయింది. ఆ క్షణం మాత్రం ఫోటోలో లేదు. లెన్సుకి మరీ దగ్గరగా రావడంతో ఫోకస్ కుదరలేదట.

సెకనుకి ఇరవై చొప్పున పేల్చడం వల్ల ఒక్కో వేడుకకి రెండు మూడు వేల ఫోటోలవుతాయి. వాటిని ఏరాలి, దిద్దాలి, కత్తిరించాలి. అందుకని అన్నప్రాశన ఫోటోలు అక్షరాభ్యాసం నాటికి చేతికొస్తాయి. ఎవరైనా గుర్తు చేస్తే “కల్లింగ్‌లో ఉన్నాయి” అంటాడు, అంటే ఏరుతున్నాడని. ఆ మాట వింటే పిల్లలకేదో జబ్బు చేసినట్టుంటుంది.

ఏప్రిల్ వస్తే బాబాయికి బ్లూబానెట్ జ్వరం. ఆ పువ్వు 1901 నుంచీ టెక్సస్ రాష్ట్ర పుష్పం. డాలస్‌కి దక్షిణాన ఎన్నిస్ చుట్టుపక్కల పొలాలకి పొలాలు నీలంగా విరబూస్తాయి. ఆదివారం పొద్దున్నే పది కార్లలో మన పిల్లలు పట్టులంగాలు, పాపిటబిళ్ళలతో దిగుతారు. “సహజంగా ఆడుకోండమ్మా” అంటాడు బాబాయి. ఆడుకుంటే “అటు కాదు, ఎండ కళ్ళలో పడుతుంది” అంటాడు. “నవ్వు. నన్ను చూసి కాదు. ఊరికే ఏదో గుర్తొచ్చినట్టు నవ్వు.” ఏం గుర్తు తెచ్చుకోవాలో తెలియక మూడేళ్ళ పిల్ల పూలలో చతికిలబడింది. కూర్చున్నది సరిగ్గా ఎర్రచీమల పుట్ట మీద. ఆ తర్వాత వచ్చిన ఏడుపులో నటన రవ్వంతైనా లేదు. ఆ రోజు మొత్తానికి నిఖార్సయిన క్యాండిడ్ ఫోటో అదొక్కటే. దాన్ని పిల్ల తల్లి అక్కడికక్కడే తీసేయించింది.

అసలు బాబాయి ప్రతాపం ఫోటో తీశాక మొదలవుతుంది. కత్తెర పట్టుకుంటే ఆయన మంగలి కాడు, శిల్పి. పిల్లని ఫ్రేములో మూడోవంతు మీదికి తోస్తాడు. చూపు పోయేవైపు ఖాళీ వదలాలంటాడు. మోకాలి దగ్గరా మణికట్టు దగ్గరా కోయకూడదు, మధ్యలో కోయాలంటాడు. వింటే కసాయి కొట్టు గుర్తొస్తుంది. కార్తియే బ్రెసాఁకి క్రాపింగ్ గిట్టేది కాదు కదా బాబాయీ అంటే, నీటిగుంట మీంచి మనిషి దూకే 1932 నాటి ఫోటోని ఆయనా కత్తిరించాడు అంటాడు. గురువుగారి ఆ మినహాయింపు మీద శిష్యుడు జీవితకాలం లాగించేస్తున్నాడు.

ఆరు నెలలుండి పోదామని తెనాలి నుంచి వచ్చిన బాబాయి వాళ్ళమ్మగారికీ ఈ కత్తెరకీ మొదటిరోజే చుక్కెదురైంది. మనవరాలి ఫోటో చూపిస్తే కళ్ళద్దాలు సవరించుకుని, “ఇంత గోడెందుకురా? గోడక్కూడా పురుడు పోశామా?” అంది. ఆవిడ దృష్టిలో ఫోటో అంటే తల నుంచి పాదాల దాకా నిండుగా ఉండాలి. గాజులు కనపడాలి, పట్టీలు కనపడాలి. “పసిపిల్ల కాళ్ళు నరికేస్తావా, అప్రాచ్యుడా!”

భోగినాడు వ్యవహారం మరీ ముదిరింది. ఫ్రీజర్‌లోంచి తీసిన రేగుపళ్ళకి క్రాన్‌బెర్రీలు, చేమంతి రేకులు, క్వార్టర్ నాణేలు కలిపి బామ్మగారు మనవరాలి తలమీద భోగిపళ్ళు పోసింది. పిల్ల పకపకా నవ్వింది. బాబాయి పట్టేశాడు. నిజంగా మంచి ఫోటో. రాత్రంతా కూర్చుని దిద్దాడు. దిద్దేటప్పుడు బుగ్గమీద నల్లమచ్చ కనపడితే పనిలో పనిగా చెరిపేశాడు.

“ఒరేయ్, దిష్టి చుక్కేదిరా?”

“అదా... మచ్చనుకున్నానమ్మా.”

“దిష్టి తీయడానికి నేను భోగిపళ్ళు పోస్తే, నువ్వు దిష్టి చుక్క తీసేశావా!”

బాబాయి తడుముకోకుండా డొరొతియా లాంగ్‌ని పిలిచాడు. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోతల కూలీల శిబిరంలో ఓ తల్లిని ఆమె తీసిన ఫోటో జగద్విఖ్యాతం. దాని మూల డేరా గుంజని పట్టుకున్న బొటనవేలొకటి అడ్డంగా పడితే, తర్వాత ఆమె నెగెటివ్‌లో దాన్ని చెరిపించింది. అంతటివాళ్ళే చెరిపారన్నది ఆయన వాదన.

“బొటనవేలు ఏకలవ్యుడిచ్చాడంటే గురువడిగాడు. ఆ తల్లినెవరడిగారు?” అంది బామ్మగారు. బాబాయి దగ్గర దీనికి ఉదాహరణ దొరకలేదు.

వేసవిలో ఇండియా వెళ్ళాలి, పిల్లకి పాస్‌పోర్టు కావాలి. రెండంగుళాల చదరం ఫోటో, వెనక తెలుపు, తల ఒకటి నుంచి ఒకటీ మూడెనిమిదో వంతు అంగుళాల మధ్య, ముఖం తిన్నగా కెమెరా వైపు. బాబాయి నవ్వాడు. ఇంత పరికరం పెట్టుకుని బయట తీయించడమా అన్నాడు. తెల్లదుప్పటి కట్టాడు, కెమెరా ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే పిల్ల ముఖం పక్కకి తిప్పి, గడ్డం కింద వేలు పెట్టుకుని, కిటికీలోంచి దూరంగా ఏదో ఆలోచిస్తున్నట్టు చూసింది. పుట్టినప్పటి నుంచీ విన్న పాఠం మరి.

“ఇటు చూడు నాన్నా.”

చూడలేదు.

“ఒక్కసారి కెమెరా చూడమ్మా!” బాబాయి నోట ఆ మాట వినడం పిన్నికి అదే మొదలు. సందర్భం కాకపోయినా నవ్వేసింది.

నలభై నిమిషాలయ్యాక బామ్మగారు వంటింట్లోంచి స్టీలుపళ్ళెం, గరిటె తెచ్చి ఠంగుమనిపించి, “ఇదుగో కాకి!” అంది. కాకిని చూద్దామని పిల్ల నోరు తెరుచుకుని తిన్నగా చూసింది. ఆ నోరు మూసిన అరక్షణంలో ఫోటో పడింది. అమెరికా ప్రభుత్వం దాన్ని ఐదేళ్ళకి ఒప్పుకుంది.

ఇక ఆవిడ తిరుగు ప్రయాణం దగ్గరపడింది. ఇరుగుపొరుగుకి చూపించడానికి ఒక ఫోటో కావాలంది. బాబాయి తన కళాఖండం తెచ్చాడు. భోగిపళ్ళ ఫోటో. ఒక మూల నవ్వుతున్న పిల్ల, పైనుంచి రాలుతున్న రేకులు, అంచులోంచి దిగిన ఒక చెయ్యి. ముంజేతి మధ్యకే కోశాడు, శాస్త్రప్రకారం.

“ఈ చెయ్యెవరిది?”

“నీదేనమ్మా.”

“మరి తక్కిన నేనేదిరా?”

బాబాయి ఏమీ అనలేదు. వెళ్ళి లైట్‌రూమ్ తెరిచాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక గుణముంది. ఎంత కత్తిరించినా అసలు బొమ్మ చెక్కుచెదరదు, తెరమరుగున ఉంటుంది అంతే. రీసెట్ నొక్కాడు. అంచులు వెనక్కి జరిగాయి. ముందు గాజులు వచ్చాయి, తర్వాత నారింజరంగు పట్టుచీరలో వాళ్ళమ్మ వచ్చింది, కొడుకు మీద ఏదో కేకేస్తూ. వెనకాల సోఫాలో నిద్రపోతున్న మామగారు వచ్చారు. మంచినీళ్ళ సీసాల కట్ట, డైపర్ల పెట్టె, సగం తిన్న అరిసె, హారతి పళ్ళెం పట్టుకుని ఎటో చూస్తున్న పిన్ని, అందరూ వచ్చారు. దిష్టి చుక్క కూడా వచ్చి బుగ్గమీద కూర్చుంది. ఇన్నాళ్ళుగా బొమ్మకి అడ్డమని ఆయన తీసిపారేసిందంతా ఒకచోట పోగుచేస్తే, అది వాళ్ళ ఇల్లు.

ఎనిమిది బై పది సైజులో వేయిస్తే మళ్ళీ రెండంగుళాలు పోతాయి. అందుకని నాలుగు బై ఆరులో, ఒక్క గీత కూడా పోకుండా వేయించుకొచ్చాడు. బామ్మగారు దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. పిల్లని చూసింది, చుక్కని చూసింది, గాజులు లెక్కపెట్టుకుంది. నిద్రపోతున్న వియ్యంకుణ్ణి చూసి చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. బాబాయి చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పదోతరగతి కుర్రాడిలా నిలబడ్డాడు.

చివరికి తలెత్తింది.

“అంతా బాగానే ఉంది గానీ నాన్నా, నా పాదాలేవిరా?”