ఉలవలు తొక్కని కారు

మా ధర్మవరంలో బండి గొప్పదనాన్ని అందులో ఎంతమంది పడతారన్న దాన్ని బట్టి తేలుస్తారు. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక సీట్లో నలుగురు, వాళ్ల ఒళ్లో పిల్లలు, కడ్డీ పట్టుకుని వేలాడే కుర్రాడొకడు, ఇంతమంది ఎక్కితే గానీ రైల్వే స్టేషన్ ముందు షేర్ ఆటో కదలదు. మోటారు సైకిలు మీద మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, మధ్యలో పట్టుచీరల మూట. అలాంటి ఊళ్లోకి నేను ఇద్దరే పట్టే కారు తెచ్చాను. అదీ పాతది. అదీ గుడ్డ టాపుది.

వీధి తీర్పు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. "సగమే ఉండాది కదప్పా, మిగతా సగం యాడ?" అన్నాడు టీ కొట్టు ముందు కూర్చునే పెద్దాయన. పక్కనున్నాయన ఇంకా దయగలవాడు. "బెంగళూరులో అమ్మినోడు వెనక సీటు తీసి పెట్టుకున్న్యాడేమో, పోయి అడుగు సామీ" అని సలహా ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలు మూడే. మైలేజీ ఎంత? ఎంతమంది పడతారు? పైన క్యారియర్ పెట్టించుకోవచ్చా? గుడ్డ టాపు మీద క్యారియర్ ఎలా నిలుస్తుందని నేను తిరిగి అడిగితే, "మరి టాపు గుడ్డదెందుకు తీసుకున్న్యావు?" అన్నారు. దానికి నా దగ్గర ఈరోజుకీ సమాధానం లేదు.

కారు పేరు శాన్ స్టార్మ్. స్పోర్ట్స్ కారంటే ఇటలీలోనో జర్మనీలోనో పుట్టాలనుకునేవాళ్లకు చెబుతున్నాను, ఇది గోవాలో పుట్టింది. 1990ల చివర్లో శాన్ మోటార్స్ అనే మన దేశపు సంస్థ తయారుచేసింది. రెండు తలుపులు, రెండు సీట్లు, ఫైబర్‌గ్లాస్ ఒళ్లు. ముందున్నది 1149 సీసీ రెనో ఇంజను, ఫ్రాన్సులో క్లియో, ట్వింగో అనే చిన్న కార్లను లాగిన రకం. బలం సుమారు 60 గుర్రాలు. ఈ అంకె చెప్పగానే మా మేనల్లుడు నవ్వాడు. వాడు వాయిదాల మీద కొన్న మామూలు కారుకే 80 దాటి ఉన్నాయట. ఉండనీ. ఆ గుర్రాల్లో సగం వాడి కారు తన బరువును తానే మోసుకోవడానికి సరిపోతాయి.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పక తప్పదు. ఇంగ్లండులో లోటస్ కార్ల సంస్థ పెట్టిన కాలిన్ చాప్‌మన్ జన్మంతా ఒకటే పట్టు పట్టాడు: ఇంజను పెంచడం కాదు, బరువు తగ్గించు. ఇంజను పెంచితే తిన్నని రోడ్డు మీదే లాభం. బరువు తగ్గిస్తే బండి లేవడంలో, ఆగడంలో, తిరగడంలో, ఆఖరికి టైరు అరుగుదలలో కూడా లాభమే. మలుపులో బండిని రోడ్డు బయటికి ఈడ్చేది దాని బరువే గదా. 1962లో ఆయన తెచ్చిన లోటస్ ఎలాన్ నడుమ ఇనుప వెన్నెముక, పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు, అంతా కలిపి 700 కిలోలకు అటూ ఇటూ. ఆ దారిలోనే జపాను మాజ్దావాళ్లు 1989లో ఎంఎక్స్-5 తెచ్చారు. ఇద్దరే పట్టే ఆ చిన్న కారు 2016కల్లా పది లక్షలు తయారైంది. అంటే ప్రపంచంలో నాలాంటివాళ్లు పది లక్షలమంది ఉన్నారన్నమాట. ధర్మవరంలో మాత్రం ఒక్కణ్ణే.

ఈ తేలికతనపు సిద్ధాంతం చాప్‌మన్‌కు ఎంత మేలు చేసిందో గానీ, మా ఊళ్లో నా పరువు మీదికి తెచ్చింది. పాత ఇనుము కొనేవాడు ఒకరోజు గేటు ముందు సైకిలాపి, కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద వేలితో టకటక కొట్టి చూశాడు. అమ్ముతానని నేనెప్పుడూ అనలేదు. అయినా తన తీర్పు తాను చెప్పి వెళ్లాడు: "దీంట్లో ఇనుము లేదు సార్. కిలోల లెక్కన మీకు గిట్టదు." వాడి లెక్కలో మా ఇంటి ఇనుప బీరువా నా కారు కంటే పెద్ద ఆస్తి.

అంతకంటే పెద్ద అవమానం చెన్నేకొత్తపల్లి దారిలో జరిగింది. సంక్రాంతి ముందు మా పక్క రోడ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఉలవలు కోసి, కట్టెతో సహా తెచ్చి, తారు రోడ్డు మీద మోకాలెత్తున పరుస్తారు. వచ్చే పోయే బండ్లన్నీ రైతుకు జీతం లేని ఎద్దులు. బస్సు పోతే కాయ పగులుతుంది, లారీ పోతే గింజ రాలుతుంది, సాయంత్రానికి తూర్పారబట్టి మూటకట్టుకుని ఇంటికి పోతారు. ఆ కట్టె మీదికి నా కారు ఎక్కింది. ఎక్కిందనడం కూడా గొప్పే, దాంట్లో దూరింది. నాలుగు గజాలు పోయేసరికి కింద కట్టె చుట్టుకుని ఆగిపోయింది.

రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద కూర్చున్న అవ్వ లేచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను చూడనే లేదు. వంగి, నేను దాటి వచ్చిన మేర కట్టె తీసి చేత్తో నలిపి చూసింది. "ఏం కారయ్యా ఇది, ఒక్క కాయా పగల్లేదే!" అంది. తర్వాత వెనక్కి చూసి, "పక్కకు జరుపు నాయనా, లారీ వస్తాండాది" అంది. జరగడానికి కారు కదిలితే గదా. ఆమె కొడుకు, కోడలు వచ్చి కింద చిక్కుకున్న కట్టెంతా పిడికిలి పిడికిలిగా లాగారు. లాగిందాన్ని పారేయకుండా చీరె కొంగు పరిచి దులిపి, నాలుగు గింజలు ఏరుకున్నారు. చివరికి ముగ్గురూ కలిసి కారును పక్కకు తోశారు. తోస్తున్నప్పుడు మాత్రం అవ్వ మొహంలో మొదటిసారి మెప్పు కనిపించింది. "తోసేదానికి బాగుండాది" అంది.

చాప్‌మన్ సిద్ధాంతానికి ఇంత సూటి నిరూపణ ఏ ఇంజనీరూ ఇచ్చి ఉండడు.

నా కారుకు మా ప్రాంతంలో చుట్టం లేదనుకునేరు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. 2019లో అక్కడి నుంచి సెల్టోస్ బయటికొచ్చినప్పటి నుంచి మా జిల్లాలో ప్రతివాడూ కార్ల పండితుడే. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. 1565 తర్వాత హంపి వదిలి వచ్చిన విజయనగర రాజులు పెనుకొండ కొండ మీద రాజధాని పెట్టుకున్నారు, ఆ తర్వాత ఇన్ని వందల ఏళ్లకు ఊరి పేరు మళ్లీ దేశమంతా వినబడింది దీనివల్లే. అక్కడి నుంచి వచ్చేవన్నీ ఎత్తైనవి, బరువైనవి. వాటిలో కార్నివాల్ అనేది రెండు టన్నులు దాటుతుంది. దాని పక్కన నేను సిగ్నల్ దగ్గర ఆగితే, దాని కిటికీలోంచి పిల్లలు నా టాపు మీద పడ్డ కాకి రెట్టను లెక్కపెడతారు.

అయితే కియావాళ్లు మరిచిపోయినా నేను మరవని సంగతి ఒకటుంది. 1990లలో లోటస్ కొత్త ఎలాన్ తయారీ ఆపేశాక, దాని హక్కులు కొని, తమ సొంత 1.8 లీటర్ల ఇంజను పెట్టి, 1996 నుంచి 1999 దాకా కొరియాలో అమ్మింది ఈ కియానే. కియా ఎలాన్. ఇద్దరే పట్టే టాపు లేని కారు! ఈ సంగతి హైవే పక్క దాబాలో ఆ ఫ్యాక్టరీ యూనిఫాం వేసుకున్న కుర్రాళ్లకు చెప్పాను. వాళ్లు మర్యాదగా విన్నారు. చివర్లో ఒకడు, "ఇద్దరే పడితే మరి ఎవరు కొన్యారన్నా?" అన్నాడు. ఎక్కువమంది కొనలేదన్న నిజం నేను చెప్పలేదు.

మా వీధిలో ఈ కారును నిజంగా అర్థం చేసుకున్నవాడు ఒక్కడే, ఎదురింటి మగ్గం మామ. నలభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్న మనిషి. ఒకరోజు రమ్మని కూర్చోబెట్టాను. ఈ కార్లోకి ఎక్కరు, దిగుతారు. ముందు ఒక కాలు, తర్వాత నడుము, తర్వాత తల. అలవాటు లేనివాళ్లు తలతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మామ మాత్రం ఒక్క ఊపున దిగి, కాళ్లు చాపి, మూడు పెడళ్లనూ వంతులవారీగా తొక్కి చూసి, "ఇది గుంత మగ్గమే గదప్పా" అన్నాడు. నేల మట్టానికి నడుము, గుంతలో కాళ్లు, తొక్కడానికి చెక్కలు, అందుబాటులో చేతికి కొయ్య. గుంతలో వాన నీళ్లు ఊరితే మగ్గం పని ఆగిపోతుందని కూడా ఆయనే చెప్పాడు. వానొస్తే నాదీ అంతేనన్నాను. ఆ రోజు నుంచి ఆయన నన్ను వీధిలో ఎవరూ ఏమీ అననివ్వడు. మగ్గం మీదైతే ఒక్కరికే చోటుంటుందని, ఎవరూ క్యారియర్ అడగరని వాదిస్తాడు.

వాన సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతాను. పాత కారుకు అసలు శత్రువు తుప్పు. ఇంగ్లండులో ఇలాంటి కార్లున్నవాళ్లు చలికాలమంతా దుప్పట్లు కప్పి షెడ్లో దాస్తారు. మాకా బాధ లేదు. మాది దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల వరుసలోది. పాత అనంతపురం జిల్లా మొత్తానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయి వస్తాయి, ఈశాన్యానివి మా దాకా రావడానికి బద్ధకిస్తాయి. మూడు తరాలుగా రైతును ఏడిపించిన ఈ కరువే నా కారు కింది ఇనుమును కాపాడుతోంది. ఈ మాట రైతుల ముందు అనను, పత్రికలో రాస్తున్నాను.

అయితే వాన లేనిచోట ఎండ ఊరుకోదు. ఏప్రిల్లో పగలు టాపు తీసి బయల్దేరితే బత్తలపల్లి చేరేసరికి మనిషి వడియం. స్టీరింగు పట్టుకోవడానికి తువ్వాలు, సీటు మీద ఇంకో తువ్వాలు, తల మీద మరొకటి. విదేశీ పత్రికల్లో ఇలాంటి కార్లో పోయేవాళ్ల మెడలో పట్టు స్కార్ఫు ఎగురుతూ ఉంటుంది. పట్టుకు పుట్టినిల్లయిన ఊళ్లో ఉంటూ నాకు మిగిలింది పొందూరు ఖద్దరు కూడా కాదు, టర్కీ తువ్వాలు. ఆషాఢంలో ఇంకో రకం. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. అటు పక్క పోతే గాలికి కారు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు నన్నడగకుండానే మారుతుంది.

టాపు లేని బండి తెలుగువాళ్లకు కొత్త కాదని కొందరు నన్ను ఓదారుస్తారు. 1982లో ఎన్.టి.రామారావుగారు రాష్ట్రమంతా తిరిగింది చైతన్యరథం మీదే కదా, తర్వాత మన హిందూపురం నుంచే కదా శాసనసభకు వెళ్లిందీ అంటారు. నిజమే. కానీ అది పాత షెవర్లె వ్యాను, దాని మీద నిలబడి మాట్లాడితే ఊరంతటికీ కనబడేవారు. నేను నా కార్లో నిలబడితేనే ఆటోడ్రైవరు మొహం కనబడుతుంది.

కాగితాల విషయంలో కారుదీ నాలాగే ఎటూ కాని వయసు. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే ఆ ఫీజును 2022 ఏప్రిల్లో 5,000 చేశారు. వింటేజ్ అని గౌరవం కావాలంటే 50 ఏళ్లు నిండాలి. నా కారు అందులో సగం దాటింది. అప్పటికి దాన్ని నడపడానికి నేనుంటానో లేదో గానీ, దిగడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి.

ఇంత చెప్పాక సుఖమేమిటని అడుగుతారు. తెల్లవారుజామున ఐదున్నరకు, పాలవాళ్లు తప్ప రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు, టాపు మడిచి చెన్నేకొత్తపల్లి వైపు పోతాం. సీటు నేలకు అంత దగ్గరగా ఉంటే స్పీడోమీటరులో యాభై కూడా వందలా ఒంటికి తగులుతుంది. పోలీసులకు మాత్రం యాభైలాగే కనబడుతుంది. చట్టం మీరకుండా ఇంత వేగం ఇంకే బండిలోనూ దొరకదు. వేరుశనగ చేల వాసన, పక్కనే పోయే రైలు, మలుపు తిప్పగానే చేతికి తెలిసే రోడ్డు గరుకు, ఇవన్నీ ఏసీ కార్లో అద్దం అవతలే ఆగిపోతాయి. ఇంకోటి, మా ఆవిడకు తప్ప ఎవరికీ చోటు లేదు. పెళ్లయినప్పటి నుంచి ఏ బండెక్కినా మధ్యలో పిల్లో, మరదలో, మామిడిపళ్ల బుట్టో ఉండేది. ఇప్పుడు పెనుకొండలో ఉగ్గాని బజ్జీ తిని తిరిగొచ్చేదాకా మా మధ్య ఉండేది గేరు కొయ్య ఒక్కటే. మొదట్లో ఈ కారు అమ్మేయమన్న మనిషి, ఇప్పుడు బంధువులు ఫోను చేస్తే "చోటు లేదు వదినా, కార్లో ఇద్దరమే పడతాం" అని ఎంత బాధగా చెబుతుందో, ఆ బాధ చూసి ముచ్చటేస్తుంది.

లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసే అలవాటున్న జనం మేము. అందుకే కారు ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు వంగి కింద సందు ఎంతుందో చూస్తారు. చూడనీ, నాకేం బాధ లేదు. బాధంతా స్పీడ్ బ్రేకర్లతోనే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా. నలుపు తెలుపు పట్టీలు, ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. మా పల్లెల్లో పది సెంటీమీటర్లంటే మొదటి తట్ట మాత్రమే. రాత్రికి రాత్రి ఇంకో మూడు తట్టల మట్టి, పైన తారు ముద్ద, వెడల్పు మాత్రం జానెడు. వాటిని తీసేయమని అడగను, మీ పిల్లలు రోడ్డు దాటాలి, నాకూ తెలుసు. కానీ ఊరి పెద్దలారా, సర్పంచులారా, ఈ వ్యాసం చదువుతూ ఉంటే ఒక్క ఉపకారం చేయండి. ఈసారి గుడికి సున్నం వేసేటప్పుడు మిగిలిన బకెట్టు రోడ్డు మీదికి తెచ్చి, ఆ దిబ్బ మీద నాలుగు తెల్ల గీతలు గీయండి. కావాలంటే సున్నం ఖర్చు నేనిస్తాను. డబ్బాలు తెచ్చిపెట్టమని మాత్రం అడగకండి, కార్లో చోటు లేదు.