మే నెల వేన్నీళ్ళు

స్నానానికి పనికొచ్చే వేన్నీళ్ళంటే 40 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్ళు. మనిషి ఒంటివేడి 37 కాబట్టి అంతకు కాస్త పైన ఉంటే హాయి, మరీ పైకి పోతే బొబ్బ. కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలో, వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న అప్పనపల్లిలో బోరు నీళ్ళు ఏ రుతువులో తోడినా 27 డిగ్రీలకు అటూఇటూగా వస్తాయి. పుష్యమాసపు తెల్లవారుజామున గాలి 18, 19 డిగ్రీలకు దిగినప్పుడు అవే నీళ్ళు చేతికి గోరువెచ్చగా తగులుతాయి. అంటే 27 మెట్లు భూదేవి ఉచితంగా ఎక్కించి ఇస్తుంది. మనిషి తన ఖర్చుతో ఎక్కవలసినవి పదమూడు. ఆ పదమూడు మెట్ల కోసం తరతరాలు పడిన పాట్లే ఇంటి వేన్నీళ్ళ చరిత్ర. ప్రతి తరమూ ముందు తరం దుబారాను మాన్పించే యంత్రమొకటి కొని, దానికి పొదుపు అని పేరు పెట్టుకుంది.

మొదటి దశ కాగు. దొడ్లో పొయ్యి మీద రాగి కాగో డేగిసానో పెట్టి, కింద కొబ్బరి డొక్కలూ మట్టలూ ఎగదోసేవారు. కలిగినవారింట నడుమ గొట్టమున్న రాగి బాయిలరు ఉండేది. గొట్టంలో డొక్క మండుతుంటే చుట్టూ నీళ్ళు కాగేవి. మంటలోని వేడి చాలావరకు ఆకాశానికే పోయేది. అయినా దింపు దింపుకూ పెరట్లో డొక్కలు గుట్ట పడేవి కనుక ఆ నష్టాన్ని ఎవరూ లెక్క వేయలేదు. ఈ పొయ్యిని తలుచుకుని నిట్టూర్చేవారిలో ఊదుగొట్టం పట్టినవారు దాదాపుగా కనబడరు. పట్టినవారి కళ్ళు వేరే కథ చెబుతాయి. భోగినాడు మంట మీద కాచిన నీళ్ళతో తలంటుకుని ఆ దశకు ఏడాదికోసారి నమస్కారం పెట్టడం మాత్రం ఇంకా ఉంది. పీచు మిల్లులు డొక్కకు ధర కట్టిన తరువాత, పొయ్యిలో మండుతున్నది డొక్క కాదు డబ్బు అని తెలిసివచ్చింది.

దాంతో గీజరు వచ్చింది. 25 లీటర్ల గీజరు నీళ్ళను 27 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు ఒక యూనిట్టు తాగుతుంది. 60 డిగ్రీల నీళ్ళు ఎవరూ పోసుకోలేరు కనుక వాటిలో చల్లనీళ్ళు కలుపుతారు. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్న సామెత అక్షరాలా నిజమయ్యే చోటు ఇదొక్కటే. కలిపినంత మాత్రాన వేడి ఎక్కడికీ పోదు. కానీ చివరివారి స్నానం అయ్యాక తొట్టిలో మిగిలిన వేడి గోడకు కథలు చెప్పుకుంటూ చల్లారుతుంది. స్విచ్చి తీయడం మరిచిపోతే ఆ కథలు వినిపించడానికి మళ్ళీ మళ్ళీ కాగుతుంది.

ఆ యూనిట్టు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఈ మండలానికి సొంత విషయం. ఈ చుట్టుపక్కల నేల కింద గ్యాస్ ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పేలిన గొట్టం ఇరవైమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ గొట్టం తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసేది. అంటే మామిడికుదురు నేల కింది వేడి కృష్ణా ఒడ్డుకు వెళ్ళి, మండి, సగానికి సగం అక్కడి గాలికి వదిలేసి, కరెంటై, రాష్ట్రపు తీగల్లో కలిసి, తిరిగొచ్చి మామిడికుదురు నీళ్ళను కాచేది. ఇప్పుడు ఆ పని ఎక్కువగా బొగ్గు చేస్తోంది. వేడిని కరెంటు చేసి, ఆ కరెంటును మళ్ళీ వేడి చేయడం తీర్థయాత్రకు తగిన పద్ధతే గాని స్నానానికి తగినది కాదు. గీజరు దుబారా అని చెప్పేవారు ఈ మాట వరకు నిజమే చెబుతారు. ఇబ్బందంతా ఆ తరువాతి వాక్యంతోనే మొదలవుతుంది.

ఆ వాక్యం సోలార్ హీటరు గురించి. డాబా మీద దక్షిణానికి వాలుగా పెట్టిన నల్లని పలకలోనో, రెండు పొరల నడుమ గాలి తీసేసిన గాజు గొట్టాల్లోనో నీళ్ళు ఎండకు వేడెక్కుతాయి. వేడెక్కినవి తేలికై పైకి పోతాయి, తొట్టిలోని చల్లనివి బరువై కిందికి దిగుతాయి. మోటారు లేకుండానే తిరుగుతూ ఉంటాయి. రెండు చదరపు మీటర్ల పలక ఉంటే మంచి ఎండరోజున 100 లీటర్లు 60 డిగ్రీలకు చేరతాయి. ఇందులో మోసం లేదు. ఎండా నిజమే, వేడీ నిజమే. మోసమంటూ ఉంటే అది గుణకారంలో ఉంది.

ప్రచారంలో ఎప్పటినుంచో తిరుగుతున్న లెక్క ప్రకారం 100 లీటర్ల సోలార్ హీటరు ఏడాదికి 1,500 యూనిట్ల వరకు ఆదా చేస్తుంది. విప్పి చూస్తే ఆ అంకె పుట్టిల్లు తెలుస్తుంది. 100 లీటర్లను 25 నుంచి 60కి, అంటే 35 డిగ్రీలు పెంచడానికి నాలుగు యూనిట్లకు పిసరు పైన కావాలి. దాన్ని 365తో గుణిస్తే 1,486. మిగతా 14 గోదావరి మర్యాద కింద వేసుకోవచ్చు. ఈ లెక్కలో నివసించే అప్పనపల్లి కుటుంబం రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మే నెలాఖరున కూడా, పొద్దున్నే 100 లీటర్ల సలసలకాగే నీళ్ళు పోసుకుంటుంది. పోసుకోకపోతే ఆ రోజు ఆదా పోతుంది. ఎండాకాలం చన్నీళ్ళు పోసుకునేవాడు ఈ సిద్ధాంతం ప్రకారం జాతీయ పొదుపుకు గండి కొట్టినవాడు. 2010లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ 2022 నాటికి రెండు కోట్ల చదరపు మీటర్ల వేడినీటి పలకలను లక్ష్యంగా పెట్టుకుంది. లక్ష్యాలకు ఊళ్ళ వాతావరణంతో పని ఉండదు.

వాస్తవ కుటుంబం లెక్క బకెట్లలో ఉంటుంది. 20 లీటర్ల బకెట్టును వాదం లేకుండా 15 డిగ్రీలు పెంచాలంటే యూనిట్టులో మూడోవంతు, 0.35. నలుగురికి 1.4. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 120 రోజులకు 168 యూనిట్లు. రాష్ట్రంలో 126 నుంచి 225 యూనిట్ల మధ్య శ్లాబు ధర ఆరు రూపాయలు కనుక మొత్తం ఖర్చు 1,008 రూపాయలు. గీజరు గోడకు చెప్పే కథలు కలుపుకున్నా ఇంకొంచెం. హీటరు పాతిక వేలే అనుకుంటే అసలు తిరిగిరావడానికి పాతికేళ్ళు పడుతుంది. అప్పటికి కొన్నవాడికి నిజంగానే ఏడాదంతా వేన్నీళ్ళు అవసరమయ్యే వయసు వస్తుంది. ఆ విధంగా చూస్తే ఇది దూరదృష్టే.

ఇన్నేళ్ళలో నిజమైన గిరాకీ సంక్రాంతికి. ఆడపడుచులూ అల్లుళ్ళూ దిగాక నాలుగు బకెట్లు ఇరవై అవుతాయి. ముందురోజంతా మంచు పట్టి, ఎండ ముఖం చాటేసి ఉంటుంది. తెల్లవారుజామున తొట్టి పదో బకెట్టు దగ్గర చేతులెత్తేస్తుంది. అప్పుడు తొట్టిలో ముందుచూపుతో అమర్చిన కరెంటు కడ్డీ వేస్తారు. సూర్యుడికి బదులు బొగ్గు వస్తుంది.

అసలు విషయమేమిటంటే కోనసీమలో దాదాపు ప్రతి డాబా మీదా ఒక సోలార్ హీటరు ఇప్పటికే ఉంది. అది నల్లని సింటెక్సు ట్యాంకు. 1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ పేటెంటు పొందిన మొదటి వ్యాపార సోలార్ హీటరు కూడా ఇంతకన్నా పెద్దదేం కాదు. నల్లరంగు వేసిన తొట్లను అద్దం మూత పెట్టెలో పడుకోబెట్టాడు. మే నెల మధ్యాహ్నం అప్పనపల్లి కుళాయి తిప్పినవారికి కెంప్ ప్రతిభ అరచేతిలో తెలుస్తుంది. చెయ్యి కాలి, రాత్రే బకెట్టులో పట్టి ఉంచుకుని చల్లారిన నీళ్ళతో స్నానం కానిస్తారు. గల్ఫులో ఉన్న కోనసీమ వాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుసు. అక్కడ ఎండాకాలంలో డాబా ట్యాంకు నీళ్ళు మండుతుంటాయి కనుక గీజరు ఆర్పేసి, ఇంటి నీడలో చల్లబడ్డ నీళ్ళను అందులోంచే పట్టుకుంటారు. వేన్నీళ్ళ కుళాయిలో చన్నీళ్ళు, చన్నీళ్ళ కుళాయిలో వేన్నీళ్ళు. అలా గీజరును చల్లదనానికి వాడుకునేవాడు పంపిన దినార్లతోనే స్వగ్రామంలో డాబా మీద సోలార్ హీటరు వెలుస్తుంది. వీధిలోంచి కనబడుతుంది గనుక అది నీళ్ళకన్నా ముందు చూపరులను వేడెక్కిస్తుంది.

స్థానిక వృక్షశాస్త్రానికి కూడా ఈ చరిత్రలో చోటుంది. పలక మీద పొద్దుట తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ పడకూడదని నియమం. కోనసీమలో ఇల్లు కట్టుకున్నవాడు కొబ్బరిచెట్టు నీడ తప్పించుకోవాలంటే గోదావరి దాటాలి. నీడతో సరిపెట్టుకోవచ్చు గాని, పండిన కాయ ఎంత ఎత్తునుంచి రాలుతుందో, ఆరడుగుల గాజు గొట్టం దాన్ని ఎలా స్వాగతిస్తుందో ఏ ప్రచార పత్రంలోనూ బొమ్మ వేయరు. పలకను కొబ్బరికాయ కాకపోతే తుపాను చూసుకుంటుంది. 1996 నవంబరు 6 నాటి గాలి చెట్లనే పెకలించింది, ఇనుప స్టాండు ఒక లెక్క కాదు. ఇక నీళ్ళు: సముద్రానికి దగ్గరి బోర్లలో ఉప్పు, దానితో సున్నం. వేడి తగిలిన చోటల్లా తెల్లగా గార కట్టి గొట్టం సన్నబడుతుంది. నియమంగా శుభ్రం చేయించేవారి హీటరు ఎక్కువకాలం పనిచేస్తుంది, చేయించనివారి హీటరు ఎక్కువకాలం కనిపిస్తుంది.

నాలుగో దశ హీట్ పంపు. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెనక్కి వదిలినట్టు, ఇది బయటి గాలిలోని వేడిని పీల్చి నీళ్ళలోకి తోస్తుంది. కరెంటు వేడి పుట్టించదు, వేడిని మోస్తుంది. ఒక యూనిట్టు ఖర్చుతో మూడున్నర యూనిట్ల వేడి చేరవేయగలదు. బయట గాలి ఎంత వేడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. అంటే అప్పనపల్లిలో దీని ప్రతిభ శిఖరానికి చేరేది మే నెలలో, నీళ్ళను కాచడం ఎవరికీ అక్కరలేని రోజుల్లో. ఇంజనీరింగు పరంగా ఇది ఈ నాలుగింట్లో తెలివైనది, అందులో వ్యంగ్యం లేదు. లెక్కలోనే ఉంది. 168 యూనిట్ల పని 48 యూనిట్లలో అయిపోతుంది. ఏడాదికి 120 యూనిట్లు, 720 రూపాయలు మిగులు. యంత్రం లక్ష రూపాయలనుకుంటే 139 ఏళ్ళలో అసలు చేతికొస్తుంది. కెంప్ 1891లోనే ఒకటి కొని అప్పనపల్లిలో పెట్టివుంటే 2030లో గిట్టుబాటయ్యేది. ఉప్పుగాలికి కంప్రెసరు పదిహేనేళ్ళు నిలిస్తే గొప్ప.

అదే డాబా మీద, అదే రెండు చదరపు మీటర్లలో వేడినీటి పలకకు బదులు కరెంటు పలక పెడితే సుమారు 400 వాట్లది పడుతుంది. ఏడాదికి 550 యూనిట్ల దాకా ఇస్తుంది. కాగితం మీద 1,500 ముందు ఇది చిన్నబోతుంది. కానీ ఇందులో మే నెల వాటా ఫ్యాను తిప్పుతుంది, మిగిలింది మీటరు వెనక్కి తిప్పి శీతాకాలపు బకెట్లకు సర్దుతుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కిలోవాట్‌కు 30,000, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. వాడని 1,300 యూనిట్ల వేన్నీళ్ళకన్నా వాడిన 550 యూనిట్లు ఎక్కువన్నది ఒకటో తరగతి లెక్కే. వాడనిదాన్ని కూడా ఆదా కింద రాసుకోగలిగితేనే వ్యాపారం నిలుస్తుంది.

వేన్నీళ్ళు నిజంగా కావలసినవారు లేకపోలేదు. కీళ్ళనొప్పుల పెద్దవారికి, వావిలాకు మరిగించిన నీళ్ళు పోసుకునే బాలింతకు ఈ వెటకారం వర్తించదు. జనవరిలో వణికే ఇజ్రాయెల్ 1980లో కొత్త ఇళ్ళకు సోలార్ హీటరు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చిందంటే అక్కడి చలికి అర్థముంది. అప్పనపల్లిలో జనం కార్తీకమాసపు తెల్లవారుజామున వైనతేయంలో చన్నీళ్ళ మునకకు పుణ్యం కట్టుకుంటారు. అదే భక్తుడు గది అద్దెకు తీసుకునే ముందు అడిగే మొదటి ప్రశ్న గీజరు ఉందా అని.

అదే ఊళ్ళో 365తో గుణించినా తప్పు రాని చోటు ఒకటుంది. కొబ్బరి వ్యాపారి మొల్లేటి రామస్వామి చేతుల మీదుగా వెలసిన బాలబాలాజీ ఆలయంలో నిత్యాన్నదానం జరుగుతుంది. వంటకు నీళ్ళు 27 నుంచి 100 డిగ్రీలకు, 73 మెట్లు ఎక్కాలి. పలక పెడితే 33 మెట్లు సూర్యుడే ఎక్కించి పంపుతాడు, మంట మిగతా నలభైకే. తిరుమలలో 2002లోనే 106 డిష్షులతో ఎండను పట్టి ఆవిరి వంట మొదలుపెట్టారు. పొదుపు చేయాలన్న ఉబలాటం నిజమైతే, వీధిలోంచి కనబడే డాబా మీద పెట్టబోయే ఆ పలకను అన్నదాన సత్రం మీద పెట్టించండి. అక్కడ ఎసరు మే నెలలో కూడా మరగాల్సిందే.