పూజారి వరం

దేవుడు వరమిచ్చినా పూజారి కనికరించాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పూజారి చిప్పు తయారీదారు. కొత్త వెర్షన్ కోడును గూగుల్ అందరికీ పంచిపెడుతుంది. అది ఫోనులో నడవడానికి కావాల్సిన గ్రాఫిక్స్, మోడెమ్ డ్రైవర్ల సోర్సు మాత్రం గర్భగుడి దాటదు.

నెదర్లాండ్స్ కంపెనీ ఫెయిర్‌ఫోన్ 2015లో తెచ్చిన ఫెయిర్‌ఫోన్ 2లో స్క్రీను, బ్యాటరీ, కెమెరా ఎవరికి వారే విప్పి మార్చుకోవచ్చు. లోపలున్నది స్నాప్‌డ్రాగన్ 801. ఆండ్రాయిడ్ 6 తర్వాత ఆ చిప్పుకు దాని తయారీదారు క్వాల్‌కామ్ ఓ దండం పెట్టేసింది! పాపం ఆ చిన్న కంపెనీయే తంటాలుపడి 2021లో ఆండ్రాయిడ్ 9 ఎక్కించింది. అప్పటికే 11 వచ్చేసింది, అది వేరే సంగతి.

అందుకే 2023 నాటి ఫెయిర్‌ఫోన్ 5కు ఏకంగా పరిశ్రమల పరికరాల కోసం చేసిన క్వాల్‌కామ్ చిప్పునే ఆ కంపెనీ ఎంచుకుంది. దానికైతే మద్దతు ఎక్కువేళ్లట. ఫోన్ల కోసమే చేసిన చిప్పులకు అప్పట్లో అంత ఆయుష్షు రాసిపెట్టలేదు మరి!