ఉల్టా చూడీ

నేనొక ఇత్తడి నట్టుని. గుండ్రంగా, అంచంతా గరుకు గీతలతో, నడుములో ఒక గాడితో ఉంటాను. వడ్రంగులు చెక్కను నున్నగా చేసే చిత్రికలో, పిడికి ముందు, వాలుగా పడుకున్న బ్లేడు కింద నా చోటు. చిత్రికను కోస్తావాళ్లు తోపడా అంటారట. మా సికింద్రాబాద్‌లో అది రందా.

నా పని చిన్నదే. నా గాడిలో ఒక ఇనుప మీట తాలూకు రెండు కొమ్ములు కూర్చుని ఉంటాయి. వడ్రంగి వేలితో నన్ను కుడికి తిప్పితే నేను వెనక్కి జరుగుతాను, మీట పైకొస బ్లేడును ముందుకు తోస్తుంది, రందా నోట్లోంచి కత్తి అంచు వెంట్రుకవాసి బయటికొస్తుంది. ఎడమకు తిప్పితే లోపలికి పోతుంది. పాతకాలపు చెక్కరందాలో ఇదే పనికి సుత్తి కావాలి. లోతు కావాలంటే బ్లేడు నెత్తిన ఒక దెబ్బ, వద్దంటే చెక్క మడమన ఒక దెబ్బ.

ఈ ఉపాయం లెనార్డ్ బెయిలీ అనే అమెరికావాడిది. 1867లో పేటెంటు తీసుకున్నాడు. 1869లో కనెక్టికట్ రాష్ట్రం న్యూ బ్రిటన్ ఊళ్లోని స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ ఆయన హక్కులు కొనుక్కుంది. నేను పుట్టింది ఆ కంపెనీలోనే, అయిదో నంబరు రందాలో. దాని పొడవు 14 అంగుళాలు, బ్లేడు వెడల్పు 2 అంగుళాలు.

పుట్టుకతోనే నాకు రెండు వంకరలు. ఒకటి, నా చూడీ, అంటే మర చుట్టు, ఉల్టా. మామూలు నట్లు కుడికి తిప్పితే బిగుస్తాయి, నేను వదులవుతాను. లోతు పెంచాలనుకున్న వేలు కుడికే పోతుందని నన్నలా చేశారు. రెండోది నా కొలత. నేనెక్కే మర 9/32 అంగుళం లావు, అంగుళానికి 24 చుట్లు. బజార్లో పావు అంగుళం దొరుకుతుంది, 5/16 దొరుకుతుంది, వాటి నడుమ నా కొలత మాత్రం దొరకదు. మిల్లీమీటర్లలో 7.14 అవుతుంది. దూరం నుంచి చూస్తే 7 మిల్లీమీటర్లదానికి తోబుట్టువుననిపిస్తాను. కొంప ముంచేది ఆ పోలికే.

నా ఉద్యోగం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో. టేకు పలకల బోగీల కాలమది. 1955లో మద్రాసు పెరంబూరులో ఉక్కు బోగీల ఫ్యాక్టరీ మొదలయ్యాక మా బల్లల దగ్గర పని పలచబడుతూ వచ్చింది. ఒకరోజు నా రందా బల్లమీంచి జారి గచ్చుమీద పడింది. పోత ఇనుము వంగదు, పగులుతుంది. నోటి దగ్గర పలచన కాబట్టి అక్కడే పగిలింది. వేలంలో తుక్కు కింద పోయాం.

ఆ తుక్కు కొన్నాయనకు రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణం. కరగబెట్టడానికి అమ్మేస్తాడనుకున్నాను. అమ్మలేదు. రందాని మరమరా విప్పి, కిరసనాయిల్లో కడిగి, మమ్మల్ని బిస్కెట్ డబ్బాలో సర్ది చీటీ అంటించాడు: "5 నంబరు. నట్టు 1, ఉల్టా చూడీ." నా పక్కన పిడిని బిగించే కడ్డీ ఉండేది. అదీ నా బాపతే. పావు అంగుళం బోల్టుకున్నట్టు అంగుళానికి 20 చుట్లే కానీ, లావు మాత్రం తక్కువ.

పెద్దాయన పోయాక కొడుకు గల్లా ముందు కూర్చున్నాడు. ఏనాడూ వడ్డీ వ్యాపారం చేసినవాడు కాదు, అయినా వచ్చినవాళ్లందరికీ సేటే. ఆయన చేతిమీదుగా నేను రెండుసార్లు కౌంటరు మీదికొచ్చి, రెండుసార్లూ డబ్బాలోకే వెళ్లాను.

మొదటిసారి ఒక కుర్రాడొచ్చాడు. చేతిలో నా కంపెనీ రందాయే. "సేటూ, దీని నట్టు లూజుంది. అర చుట్టు తిప్పినా బ్లేడు కదుల్తలేదు. వేరేది ఇయ్యి" అన్నాడు. సేటు నన్ను బయటికి తీశాడు కానీ, ముందు ఆ రందానే తిప్పి చూశాడు.

"గది ఖరాబు కాదు తమ్మీ. గాడికీ కొమ్ములకూ నడుమ ఇంత జాగా లేకుంటే అది తిరగనే తిరగది. బ్లేడు వెనుకకు తీసినప్పుడల్ల, మళ్ల జర ముందుకు తిప్పి ఆపు. లూజు తీరినంకనే చెక్కమీద పెట్టు. గంతే."

కుర్రాడు పైసా ఖర్చు లేకుండా వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఇలాగైతే దుకాణం నడిచినట్టే అనుకున్నాను.

రెండోసారి ఒక మేస్త్రీ. ఎక్కడో చెప్పి పార్శిల్లో తెప్పించుకున్న నట్టు పట్టలేదట. ఫోన్ చేస్తే "మీరు అయిదో నంబరన్నారు, అయిదో నంబరే పంపాం" అన్నారట. సేటు నవ్వాడు. "నంబరు చెప్పేది రందా పొడవు, చూడీ కాదన్నా." ఆయన రందా వేరే కంపెనీది, రూపం మాత్రం అచ్చం మాదే. నన్ను ఎక్కించి చూశాడు. రెండు చుట్లు సాఫీగా వెళ్లి మూడో దానికి పట్టేశాను. మేస్త్రీ "జర గట్టిగ తిప్పు, ఎక్కుతది" అన్నాడు.

"ఎక్కుతది. ఇత్తడి మెత్తన గద, ఎక్కుతది. నెలకే అరిగిపోతది, నువ్వు మళ్ల నా గల్లా ముంగటికే వస్తవు." థ్రెడ్ గేజ్ పెట్టి చుట్లు లెక్కేసి, కొలత చీటీ మీద రాసి, వెనక గల్లీలో లేత్ మిషన్ మీద చేసే ఆయన దగ్గరికి పంపాడు. "ఉల్టా అని రెండుసార్లు చెప్పు, ఒక్కసారి చెప్తె మర్చిపోతరు" అని వెనకనుంచి కేకేశాడు. నేను మళ్లీ డబ్బాలోకి. ఈసారి కోపం రాలేదు. అరిగిపోకుండా కాపాడింది నన్ను కూడా కదా.

మూడోసారి వచ్చిన ముసలాయన నన్ను అడగనే లేదు.

"సేటూ, పొట్టు మంచిగ వస్తలేదు. దర్వాజ చౌకట్లు గరుకు లేస్తున్నయి. మందం బ్లేడు ఉంటదట గద, గదియ్యి."

మందం బ్లేడు ఖరీదెక్కువ. అద్దాల బీరువాలో కళ్లెదుటే ఉంది. సేటు చెయ్యి దాని వైపు పోలేదు, నా డబ్బా మూత మీదికి వచ్చి ఆగింది. మూత తియ్యలేదు.

"రందా తెచ్చినవా పెద్దన్నా?"

సంచిలోంచి తీశాడు. నేనుండాల్సిన చోట తుప్పు పట్టిన మర ఒంటరిగా ఉంది. నట్టు పోయి ఆరేళ్లయిందట. అప్పట్నుంచీ సుత్తితో బ్లేడును తట్టుకుంటూ నెట్టుకొస్తున్నాడు. దెబ్బలకు బ్లేడు నెత్తి పువ్వులా విచ్చుకుంది, అంచేమో వంకరగా దిగుతోంది.

"మందం బ్లేడు 3 మిల్లీమీటర్లుంటది. దీని నోరు 2 మిల్లీమీటర్ల బ్లేడుకు కోసిన్రు. గది పట్టాల్నంటే నోరు ఆకురాయితో రాకాలె. రాకినంక మళ్ల పూడ్వరాదు. మీట కూడ అందుతదో అందదో. నీ బ్లేడు మంచిగనే ఉంది, నూరుకుంటే చాలు. నీకు తక్కువైంది వేరే."

అప్పుడు తీశాడు మూత. తండ్రి చేతిరాత చదివాడు. మరకు పట్టిన తుప్పును వైరు బ్రష్షుతో గీకి, చుక్క నూనె వేసి, నన్ను ఎడమకు తిప్పుతూ ఎక్కించాడు. మూడు చుట్లు, నాలుగు, ఆరు. ఎక్కడా పట్టలేదు. మీట కొమ్ములు నా గాడిలో కుదురుగా కూర్చున్నాయి.

"ఎంతియ్యాలె?"

"బ్లేడు ధరల సగం గూడ కాదు. గిప్పుడొద్దు. వారం పని చేసి చూడు, మంచిగుంటే ఇయ్యి, లేకుంటే నట్టు తెచ్చియ్యి."

సేటు డబ్బా చీటీ మీద నా అంకె కొట్టేశాడు. వారం తర్వాత ముసలాయన డబ్బులు ఇవ్వడానికి వెళ్లి, పిడి కడ్డీ గురించి కూడా అడిగొచ్చాడు.

ఇప్పుడు నేను సిద్దిపేట వైపు ఒక వేపచెట్టు కింద పని చేస్తున్నాను. పొద్దున్నే ముసలాయన వేలు నన్ను కుడికి తిప్పుతుంది. మొదటి అర చుట్టు ఉత్తదే, ఏమీ కదలదు. ఆయనకు ఆ సంగతి తెలుసు, తొందరపడడు. ఆ ఉత్త అర చుట్టు తిరిగేటప్పుడల్లా నాకు సేటు గుర్తొస్తాడు: డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, తెరవకుండా, "రందా తెచ్చినవా?" అని అడిగిన మనిషి.